గ్యాంగ్‌స్టర్ సినిమా మొదటి రెండు నిమిషాలు: కెమెరా ముందుగా ఎవర్ని చూస్తుంది?

పోయిన వారం బీటెక్ సెకండ్ ఇయర్ చదువుతున్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా ఫిల్మ్ క్లబ్ కోసం రెండు నిమిషాల గ్యాంగ్‌స్టర్ సినిమా ఓపెనింగ్ తీస్తున్నాం. ముందు రీసెర్చ్ చేయమన్నారు. ఏ సినిమాలు చూడాలి?" కింద వాళ్ళు రాసుకున్న సీన్ కూడా పంపాడు. నల్ల కారు వచ్చి ఆగుతుంది. డోర్ తెరుచుకుంటుంది. బూట్లు. స్లో మోషన్. సిగరెట్ పొగ. ఎవడో ఒకడు పరిగెడతాడు, తుపాకీ పేలుతుంది, టైటిల్ పడుతుంది.

చదివి నవ్వొచ్చింది. ఎందుకంటే అచ్చం ఇదే సీన్ నేనూ తీశాను, థర్డ్ ఇయర్‌లో, కాలేజీ ఫెస్ట్ కోసం. ఫోన్‌తో షూట్ చేశాం, తుపాకీ బొమ్మది. చచ్చిపోయే పాత్రకి ఎవరూ దొరక్కపోతే కాలేజీ గేటు ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్న బాబాయ్‌ని అడిగాం. పాపం ఒక్క మాటకే ఒప్పుకున్నాడు. స్క్రీనింగ్ రోజు భార్యనీ, ఆరేళ్ళ కూతుర్నీ తీసుకొచ్చాడు. తెర మీద బాబాయ్ కింద పడగానే హాలంతా ఈలలు. మా హీరో పేరు పడింది, ఇంకా పెద్ద ఈలలు. ఆ గోలలో ఆ పాప ఏడుస్తోంది. నాన్న పక్కనే కూర్చుని ఉన్నాడని తనకీ తెలుసు. అయినా నా చొక్కా పట్టుకుని అడిగింది: "మా నాన్న ఏం చేశాడని చంపారు?"

నా దగ్గర జవాబు లేదు. స్క్రిప్టులోనే లేదు కదా! ఆ పాత్రకి పేరు కూడా పెట్టలేదు మేం. "మనిషి 1" అని రాసుకున్నాం, అంతే.

జాబ్ మానేసి ఈ చానెల్ మొదలుపెట్టాక పాత గ్యాంగ్‌స్టర్ సినిమాలు వరసగా చూశాను. ప్రతి సినిమా దగ్గరా ఒకటే ప్రశ్న వేసుకున్నాను: మొదటి రెండు నిమిషాల్లో కెమెరా ఎవర్ని చూస్తోంది? ఈ ఎపిసోడ్ అంతా ఆ ప్రశ్న గురించే.

మొదలు నుంచి వద్దాం. 1912. డి.డబ్ల్యు. గ్రిఫిత్ అనే అమెరికన్ డైరెక్టర్ 'ద మస్కిటీర్స్ ఆఫ్ పిగ్ ఆలీ' అని ఒక చిన్న మూకీ సినిమా తీశాడు. మొట్టమొదటి గ్యాంగ్‌స్టర్ సినిమాల్లో ఒకటిగా దీన్ని చెప్తారు. కథ న్యూయార్క్‌లోని ఒక పేదల పేటలో జరుగుతుంది. అయితే మొదట కనిపించేది గ్యాంగ్ కాదు. ఇరుకు గదిలో ఉండే ఒక సంగీత కళాకారుడు, అతని భార్య. సంపాదన కోసం అతను ఊరు వెళ్తాడు, డబ్బుతో తిరిగొస్తుంటే ఆ పర్సు గ్యాంగ్ కొట్టేస్తుంది. అంటే ఆ వీధిలో బతకడం ఎంత కష్టమో మనకి తెలిశాకే గ్యాంగ్ వంతు వస్తుంది.

ఇక 1920 జనవరిలో అమెరికా అంతటా మద్య నిషేధం అమల్లోకి వచ్చింది. 1933 డిసెంబర్ దాకా నడిచింది. చట్టం మారింది గానీ జనం దాహం మారలేదు కదా. దొంగ సారా వ్యాపారం గ్యాంగుల చేతికి వెళ్ళింది. షికాగోలో అల్ కపోన్ పేరు పేపర్లలో సినిమా స్టార్ పేరులా మోగిపోయింది. 1929 ఫిబ్రవరి 14న అదే ఊళ్ళో ఒక గ్యారేజీలో ఏడుగుర్ని గోడకి నిలబెట్టి కాల్చేశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే సినిమాకి మాట వచ్చింది. తుపాకీ మోత, టైర్ల కీచు శబ్దం హాల్లో కూర్చుని వినొచ్చు. ఇంకేం కావాలి?

1931లో వార్నర్ బ్రదర్స్ నుంచి రెండు సినిమాలు వచ్చాయి. మొదటిది 'లిటిల్ సీజర్'. రాత్రిపూట ఒక పెట్రోల్ బంకు, కెమెరా దూరంగా నిలబడి చూస్తుంది. లైట్లు ఆరిపోతాయి, తుపాకీ శబ్దం వినిపిస్తుంది, కారు వెళ్ళిపోతుంది. బంకులో ఉన్న మనిషి ఎవరో మనకి తెలీదు. తర్వాత సీన్‌లో ఎడ్వర్డ్ జి. రాబిన్‌సన్ ఒక చిన్న హోటల్లోకి వచ్చి గోడ గడియారం ముల్లు వెనక్కి తిప్పుతాడు. దోపిడీ టైమ్‌కి ఇక్కడే ఉన్నానని చెప్పుకోడానికి అన్నమాట. ఆ తెలివికి మనం పడిపోతాం, బంకు మనిషిని మర్చిపోతాం. నిజం చెప్పాలంటే మా "మనిషి 1" కి తాత ఈ బంకు మనిషే.

రెండోది జేమ్స్ క్యాగ్నీ నటించిన 'ద పబ్లిక్ ఎనిమీ'. సినిమా మొదలయ్యే ముందే తెర మీద ఒక కార్డు పడుతుంది. రౌడీల్ని గొప్పగా చూపించడం మా ఉద్దేశం కాదు, ఉన్న పరిస్థితిని చూపిస్తున్నాం అన్నది దాని సారాంశం. ఇప్పుడు మన సినిమాల్లో మందు సీన్‌కి మూలన పడే హెచ్చరిక ఉంది చూశారా, దానికి అన్న లాంటిది. మరి జనం గుర్తుపెట్టుకున్నది దేన్ని? కార్డునా, క్యాగ్నీ నడకనా? జవాబు మీకు తెలుసు.

1932లో 'స్కార్‌ఫేస్' వచ్చింది. డైరెక్టర్ హోవర్డ్ హాక్స్, నిర్మాత హోవర్డ్ హ్యూస్. అంతకు ముందు ఏడాదే తయారైన సినిమా సెన్సార్ గొడవలతో ఆగింది. 'జాతికి సిగ్గుచేటు' అనే అర్థం వచ్చే ఉపశీర్షిక తగిలించారు. గ్యాంగుల మీద ఉపన్యాసం ఇచ్చే సీన్ ఒకటి కలిపారు. హీరోని ఉరి తీసే ఇంకో క్లైమాక్స్ కూడా తీశారు.

అయితే నాకు ముఖ్యం దాని ఓపెనింగ్. దాదాపు మూడు నిమిషాలు, కట్ లేని ఒకే షాట్. తెల్లవారుజామున ఒక పార్టీ ముగిసింది. నేలంతా రంగు కాగితాల తోరణాలు. ఒక పనివాడు ఊడుస్తున్నాడు. పార్టీ ఇచ్చిన బిగ్ లూయీ అనే పెద్ద మనిషి ఇద్దరు స్నేహితులతో కబుర్లు చెప్తున్నాడు. వాళ్ళు వెళ్ళిపోతారు. లూయీ ఫోన్ దగ్గరికి వెళ్తాడు. కెమెరా పక్కకి జరిగితే గోడ మీద ఒక నీడ, ఈల వేసుకుంటూ వస్తోంది. కాల్పులు. తర్వాత ఆ పనివాడు శవాన్ని చూసి గబగబా ఏప్రన్ విప్పి, కోటు వేసుకుని బయటికి జారుకుంటాడు.

గమనించారా? లూయీ కూడా పుణ్యాత్ముడేం కాదు, అతనూ గ్యాంగ్ నాయకుడే. అయినా అతనికి పేరుంది, స్నేహితులున్నారు, చివరి కబుర్లున్నాయి. చంపినవాడికి మొహమే ఇవ్వలేదు. ఇక ఊరంతా ఎంత భయపడుతోందో ఆ పనివాడు ఏప్రన్ విప్పే పది సెకన్లలో అర్థమైపోతుంది. బయట అతికించిన ఉపన్యాసం చేయలేని పని ఈ షాట్ చేసింది.

తర్వాత 1934 జులై నుంచి హాలీవుడ్‌లో హేస్ కోడ్ గట్టిగా అమలైంది. నేరస్తుడి మీద సానుభూతి కలిగేలా చూపించకూడదు. మరుసటి ఏడాది అదే క్యాగ్నీ 'జి మెన్' సినిమాలో ప్రభుత్వ ఏజెంట్ అయ్యాడు. తుపాకీ అదే, స్పీడు అదే, చొక్కాకి బ్యాడ్జీ మాత్రం వచ్చింది. రూల్‌తో కథానాయకుడు మారాడు గానీ కాల్పుల కిక్కు ఎక్కడికీ పోలేదు.

1968లో ఆ కోడ్ పోయి రేటింగులు వచ్చాయి. 1972లో 'ద గాడ్‌ఫాదర్'. ఓపెనింగ్ గుర్తుందా? చీకట్లో ఒక మొహం. అతను అంత్యక్రియల వ్యాపారం చేసే మామూలు మనిషి. కూతుర్ని కొట్టిన కుర్రాళ్ళని కోర్టు వదిలేసిందని చెప్పుకుంటున్నాడు. కెమెరా మెల్లగా, మెల్లగా వెనక్కి వస్తుంది. కంప్యూటర్‌తో టైమింగ్ సెట్ చేసిన జూమ్ లెన్స్ వాడారట, నాలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అక్కడ లేచి చప్పట్లు కొట్టాడు! ఆ జూమ్ చివర్లో డాన్ వీపు, చేయి కనిపిస్తాయి. డాన్ ఎందుకు పుడతాడో ముందు చెప్పి, తర్వాత డాన్‌ని చూపించారు. కోర్టు చేయని పని చేసిపెట్టేవాడి దగ్గరికి జనం వెళ్తారు, ఆ సాయానికి తర్వాత లెక్క కట్టాల్సి వస్తుంది.

1990లో స్కోర్సేసీ 'గుడ్‌ఫెల్లాస్' ఇంకా కఠినం. రాత్రి రోడ్డు మీద కారు, అందులో ముగ్గురు. ఏదో చప్పుడు. టైరు పంక్చరా? డిక్కీ తెరిస్తే రక్తంతో ఒక మనిషి, ఇంకా బతికే ఉన్నాడు. అతన్ని అక్కడే ముగిస్తారు. ఆ వెంటనే హీరో గొంతు, గ్యాంగ్‌స్టర్ కావాలన్నదే తన చిన్ననాటి కల అని. ఆ కల ఎంత అందంగా చెప్పినా డిక్కీ మన కళ్ళ ముందు నుంచి పోదు. సినిమా సగంలో మళ్ళీ ఆ డిక్కీ దగ్గరికే తీసుకొస్తారు, లోపలున్నది ఎవరో అప్పుడు తెలుస్తుంది.

మన దగ్గరికి వద్దాం. తెలుగులో 'నాయకుడు'గా చూసిన మణిరత్నం 'నాయకన్', 1987. మొదలయ్యేది డాన్‌తో కాదు, పోలీసుల చేతిలో తండ్రిని పోగొట్టుకున్న పిల్లాడితో. తర్వాత విజయవాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో వీడియో షాపు నడిపిన రామ్ గోపాల్ వర్మ 1989లో 'శివ' తీశాడు, బొంబాయి వెళ్ళాక 1998లో 'సత్య' తీశాడు. 'శివ' వచ్చాక సైకిల్ చైన్ లాగడం పిల్లకాయలకి ఆటైపోయింది. మనం తీసుకున్నది చైన్‌ని. ఆ చైన్ లాగక తప్పని పరిస్థితి తెచ్చిన భయాన్ని వదిలేశాం. మా ఫెస్ట్ సినిమా కూడా ఆ బాపతే.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఎంత జాగ్రత్తగా ఓపెనింగ్ తీసినా గ్యాంగ్‌స్టర్‌ని ఇష్టపడేవాళ్ళు ఇష్టపడతారు. గాడ్‌ఫాదర్ పోస్టర్ గోడకి అంటించుకున్నవాడు అంత్యక్రియల ఆయన్ని చూసి అంటించుకోలేదు కదా. ఆ ఆకర్షణ లేకపోతే ఈ రకం సినిమానే లేదు. కానీ ఆ ఆకర్షణకి బిల్లు ఎవరు కడుతున్నారో చూపించడం డైరెక్టర్ చేతిలో ఉన్న పని.

అందుకే తమ్ముడికి ఇలా రాశాను. లిస్టు ఇస్తున్నా, ఆరు సినిమాల ఓపెనింగ్స్ చాలు. ఒక్కోటీ రెండుసార్లు చూడు, రెండోసారి సౌండ్ లేకుండా. మొదట ఎవరు కనిపించారు, గ్యాంగ్‌స్టర్ ఎన్నో నిమిషంలో వచ్చాడు, చనిపోయినవాడికి పేరుందా, పక్కనున్నవాళ్ళు ఏం చేశారు, ఇవి నోట్‌బుక్‌లో రాయి. తర్వాత మీ సీన్‌లో పరిగెత్తేవాడికి ఒక పేరు పెట్టు, చేతికి ఒక పని ఇవ్వు.

నిన్న రాత్రి రిప్లై వచ్చింది. "అన్నా, పేరు పెట్టాం. కానీ ఇప్పుడు హీరో కాల్చే షాట్‌కి ఎవరూ ఈల వేయరేమో అని మా వాళ్ళు భయపడుతున్నారు."

వేయకపోతే వేయకపోనీ తమ్ముడూ. ఆ సీన్ చూసి ఏ పిల్లైనా వచ్చి ఎందుకు చంపారని అడిగితే చెప్పడానికి మీ దగ్గర ఒక జవాబు ఉంటుంది. మా దగ్గర లేదు.

సరే ఫ్రెండ్స్, మీకు బాగా గుర్తున్న గ్యాంగ్‌స్టర్ ఓపెనింగ్ ఏంటి, అందులో మొదట కనిపించింది ఎవరో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.