తెరిచి చూడగలిగిన విద్య

ఏళ్ల తరబడి వెబ్ పేజీలు కట్టినవాళ్లు కూడా బ్రౌజర్‌లో కొత్త సదుపాయం వచ్చిందంటే వెంటనే చేసి చూడాలని ఆరాటపడతారు. అది వాళ్ల స్వభావమని సరిపెట్టుకోవడం మామూలే. నా దృష్టిలో అసలు కారణం ఈ వృత్తి పుట్టిన తీరులోనే ఉంది. 1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను ప్రతిపాదించాడు. తొలినాళ్లలో దానికన్నా గోఫర్ అనే వ్యవస్థకే ఆదరణ ఎక్కువ. 1993లో దాన్ని తయారుచేసిన మిన్నెసోటా విశ్వవిద్యాలయం గోఫర్ సర్వర్‌కు రుసుము తీసుకుంటామంది. అదే ఏడాది ఏప్రిల్ 30న సెర్న్ తన వెబ్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. జనం వెబ్ వైపు మళ్లడానికి ఇదొక్కటే కారణం కాకపోవచ్చు గానీ, గట్టి కారణమే.

ఉచితంగా దొరికిందన్నది సగం సంగతే. బ్రౌజర్‌లో 'వ్యూ సోర్స్' నొక్కితే ఏ పేజీ ఎలా కట్టారో ట్యాగులతో సహా కనిపించేది. తొంభైల్లో పేజీని వరసలుగా విడదీయడానికి సరైన సాధనం లేదు. అంచులు కనబడని టేబుల్ వేసి ఒక గడిలో మెనూ, పక్క గడిలో వ్యాసం పెట్టేవారు. మధ్యలో ఖాళీ కావాలంటే ఒక్క పిక్సెల్ పారదర్శక బొమ్మను కావలసినంత వెడల్పుకు సాగదీసేవారు. ఇలాంటి కిటుకులు పుస్తకాల్లోకీ ఎక్కాయి, కానీ చాలామంది వాటిని పక్కవాడి పేజీ తెరిచే పట్టుకున్నారు. టేబుళ్ల పద్ధతి పోవడానికీ అదే దారి పనికొచ్చింది. 2003లో డేవ్ షే మొదలుపెట్టిన సీఎస్ఎస్ జెన్ గార్డెన్ అనే సైటులో హెచ్‌టీఎంఎల్ ఒకటే. స్టైల్ ఫైలు మార్చితే చాలు, పేజీ రూపమే మారిపోయేది. ఎలా మారిందో తెరిచి చూసుకోవచ్చు. ఎంత వాదించినా టేబుళ్లను వదలనివాళ్లు అది చూసి కదిలారు.

ఏటా పనిముట్లు మారిపోయే చోట ఇష్టం ఎలా నిలుస్తుందని అడగొచ్చు. పేజీల్లో యానిమేషన్లకు వాడిన ఫ్లాష్‌లో ఏళ్లపాటు నైపుణ్యం గడించినవాళ్ల చదువు, దానికి మద్దతు ఆగిపోయిన 2020 డిసెంబర్ 31తో చాలావరకు అక్కరకు రాకుండా పోయింది కదా? నిజమే, ఆ నష్టం చిన్నది కాదు. అయితే ఫ్లాష్ ఒక సంస్థ చేతిలో ఉన్న సాధనం. దాని ఫైలు తెరిస్తే తయారీ కనిపించేది కాదు. 1996లో స్పేస్ జామ్ సినిమా కోసం టేబుళ్లతో కట్టిన పేజీలు మాత్రం ఇప్పటి బ్రౌజర్లలోనూ తెరుచుకుంటాయి. వెబ్‌లో కొత్తది పాతదాన్ని చెరిపేయదు, దాని మీద చేరుతుంది. అందుకే ఇక్కడ నేర్చుకోవడం భారమనిపించదు. ఇంకో ఆక్షేపణ ఇంతకన్నా బలమైనది: ఈనాటి పేజీల కోడ్‌ను యంత్రాలు కుదించి పంపుతున్నాయి, సోర్స్ తెరిస్తే అర్థం కాని పోగు తప్ప ఏమీ లేదు. ఇది ఒప్పుకోవాల్సిందే, కొత్తగా వచ్చేవాళ్లకు ఇది అన్యాయం కూడా. కాకపోతే 2006లో వచ్చిన ఫైర్‌బగ్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ నుంచి నేటి డెవలపర్ టూల్స్ దాకా, నడుస్తున్న పేజీలోనే ఒక రంగునో కొలతనో మార్చి ఫలితం చూసే వీలు పెరిగింది. తలుపు సగం మూసుకుంది, కిటికీ పెద్దదైంది.

హైదరాబాద్ అమీర్‌పేటలోని సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లకు వెళ్లేవాళ్లది ఉద్యోగం కోసం చదువే గానీ ప్రేమ కాదనేవారూ ఉన్నారు. జీతం కోసం మొదలైనది ఇష్టంగా మారకూడదని ఎక్కడుంది? ఇష్టంతో చేసిన పనికి తెలుగులోనే మంచి ఉదాహరణ ఉంది. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగు పత్రికల సైట్లు తలా ఒక ఫాంట్ పెట్టుకునేవి. అది లేని కంప్యూటర్‌లో వార్తంతా అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల్లా కనిపించేది, వెతికితే దొరికేది కాదు. పద్మ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ ఆ గుర్తులను పాఠకుడి బ్రౌజర్‌లోనే యూనికోడ్ తెలుగుగా మార్చింది. పత్రికల సర్వర్ల జోలికి పోవలసిన పనే లేకపోయింది. ఏ ఫాంట్‌లో ఏ గుర్తు ఏ తెలుగు అక్షరానికి నిలుస్తుందో దాన్ని తయారుచేసినవాళ్లు పోల్చి పట్టికలు కట్టారు. పేజీలోని అక్షరాలు తెరిచి చూసేందుకు వీలుగా ఉండబట్టే అది సాధ్యమైంది.