మాయ ద్వారా గర్భస్థ శిశు పోషణ: కర్నూలు, కడప ప్రాంతాల చరిత్ర

గర్భిణి తిన్న ఆహారంలోని పోషకాలు ఆమె రక్తం నుంచి మాయలోకి, అక్కడినుంచి బొడ్డుతాడు గుండా శిశువుకు చేరతాయి. తల్లీబిడ్డల రక్తాలు నేరుగా కలవవు. గ్లూకోజు వాహక ప్రోటీన్ల సాయంతో దాటుతుంది. అమైనో ఆమ్లాలను, కాల్షియాన్ని మాయ శక్తి వెచ్చించి లాగుతుంది. నెలలు నిండిన శిశువు ఒంట్లోని సుమారు 30 గ్రాముల కాల్షియంలో అధికభాగం చివరి మూడు నెలల్లోనే చేరుతుంది. తిండిలో అది చాలకపోతే తల్లి ఎముకలు కరుగుతాయి.

శిశువు నాభినాడికి తల్లి రసవాహినులతో సంబంధం ఉందని సుశ్రుత సంహిత చెప్పింది. రెండు రక్తప్రసరణలూ వేరని 18వ శతాబ్దంలో బ్రిటన్ వైద్యులైన హంటర్ సోదరులు చూపారు. ఆ నడిమి శతాబ్దాల్లో రాయలసీమలో కాన్పులు మంత్రసానుల చేతుల మీదే జరిగాయి.

1876-78 నాటి ధాత కరువు కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను పీడించింది. 1877లో కరువు సహాయాన్ని పర్యవేక్షించడానికి ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగవాడి దినకూలీని ఒక పౌను ధాన్యానికి, కొద్దిపాటి డబ్బుకు కుదించాడు. ఆ తిండితో కాయకష్టం చేసే మనిషి నిలవలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ధైర్యంగా వాదించాడు. బిడ్డను మోసే స్త్రీకి అదనంగా ఎంత కావాలో లెక్కగట్టే శాస్త్రం అప్పటికి లేదు.

ఆ శాస్త్రానికి దక్షిణాదిన పునాది నీలగిరుల్లోని కూనూరులో పడింది. 1918లో వైద్యుడు మెక్‌కారిసన్ అక్కడ బెరిబెరి విచారణ విభాగాన్ని ఆరంభించాడు. 1937లో ఎక్రాయిడ్ భారతీయ ఆహారాల పోషక విలువలను ప్రచురించాడు. ఆ కూనూరు ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ సంస్థకు చెందిన గోపాలన్ బృందం 1971లో వెలువరించిన పట్టికలు సీమ వంటింటికి గొప్ప కితాబునిచ్చాయి: 100 గ్రాముల రాగుల్లో 344 మిల్లీగ్రాముల కాల్షియం ఉండగా, మరపట్టిన బియ్యంలో ఉన్నది 10 మాత్రమే. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. కడుపు నింపడంలో దాని మేలు కాదనలేనిది. కాల్షియం విషయంలో మాత్రం ఆ బియ్యం రాగి సంగటికి సాటిరాదు.

గర్భిణులను పీడించే మరో సమస్య అయిన రక్తహీనతపై పరిశోధన కథ బొంబాయిలో మొదలైంది. 1928లో బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్ అక్కడి గర్భిణులైన మిల్లు కార్మికులను పరీక్షించి, ఈస్టు సారంతో నయమయ్యే రక్తహీనతను 1931లో వర్ణించింది. ఆ సారంలోని ఫోలిక్ ఆమ్లాన్ని 1945 నాటికి భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన అమెరికాలోని లెడర్లీ సంస్థ శాస్త్రజ్ఞులు సంశ్లేషించారు. 1970లో గర్భిణులకు ఐరన్-ఫోలిక్ మాత్రల జాతీయ పథకం, 1975లో అంగన్‌వాడీలు వచ్చాయి. 2018 నుంచి అమలవుతున్న రక్తహీనత నిర్మూలన కార్యక్రమంలో నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 మాత్రలు ఇవ్వాలి. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి.