అటకమీది ఇప్పపువ్వు: ఒక ఇంటి నిల్వ చరిత్ర

ఇప్పచెట్టు లేని కోయగూడెం మా వరంగల్ ప్రాంతంలో అరుదు. ఏటూరునాగారం, తాడ్వాయి, గోవిందరావుపేట, కొత్తగూడ, గూడూరు మండలాలన్నీ 2016 దాకా వరంగల్ జిల్లాలోనే ఉండేవి. ఇప్పుడు కొన్ని ములుగు జిల్లాలో, కొన్ని మహబూబాబాద్ జిల్లాలో ఉన్నాయి. జిల్లాల పేర్లు మారాయి గాని మా పాత ఇళ్ల లోపలి అమరిక ఒకటే. పొయ్యి, పొయ్యి మీద అటక, అటకమీద ఎండిన ఇప్పపువ్వు. ఆ పువ్వును మా తాతలు ఎలా దాచారు, ఆ దాచుకోవడం నేరం ఎలా అయింది అన్నది ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాం.

యూరపు దేశాల్లో ద్రాక్షతో చేసిన వైన్‌ను ఓక్ కర్ర పీపాల్లో, చల్లని నేలమాళిగల్లో ఏళ్ల తరబడి దాస్తారు. మన పట్నాల్లోనూ కొందరు సీసాలు పెట్టుకోవడానికి ఇంట్లో చెక్క బీరువాలు చేయించుకుంటున్నారు. అది హోదా కింద లెక్క. కోయ ఇంట్లో సారాకు బీరువా ఉండదు. ఇప్పసారా ఏళ్లకేళ్లు దాచే సరుకు కాదు. పండుగకో చావుకో అవసరమైనప్పుడు కాచి, ఆ నాలుగు రోజుల్లోనే వాడేసేది. ఏడాది పొడుగునా మేము దాచేది పువ్వును.

ఆ దాపుకు ఒక పద్ధతి ఉంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున పువ్వు రాలుతుంది. చెట్టు కింద ఆకులు ఊడ్చి, ఎండ ఎక్కకముందే ఆడవాళ్లు, పిల్లలు గంపల్లో ఏరుకొస్తారు. పచ్చి పువ్వులో ఎక్కువ భాగం నీరే కాబట్టి నాలుగైదు రోజులు ఎండబెట్టాలి. రంగు తిరిగి గోధుమరంగుకు వచ్చాక, నలిపి, లోపలి కేసరాలు రాల్చి, చెరిగి ఎత్తిపెడతారు. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే. అందుకే కాస్త తడి తగిలినా బూజు పడుతుంది, పురుగు చేరుతుంది.

తడి నుంచి కాపాడేది ఇంటి కట్టడమే. వెదురు బద్దలతో గుమ్మి అల్లి, లోపలా బయటా పేడ, ఎర్రమట్టి కలిపి మెత్తుతారు. నేల తేమ తగలకుండా దాన్ని రాళ్ల మీదో, కర్ర దిమ్మెల మీదో నిలబెడతారు. తక్కువ పువ్వైతే గంపలో పోసి అటకెక్కిస్తారు. అటకకు దూలాలు మద్ది కర్రవో టేకువో. వాటి మీద వెదురు పరుస్తారు. కింద పొయ్యి రోజూ మండుతుంది గనుక పొగ పైకెక్కి పువ్వును పొడిగా ఉంచుతుంది, పురుగును దగ్గరికి రానివ్వదు. కొలబద్ద, మేకు లేకుండా చేసిన ఈ నిల్వలో పువ్వు మళ్లీ పూత వచ్చేదాకా ఆగుతుంది.

ఆ పువ్వంతా సారాకే పోతుందనుకోవడం బయటివాళ్ల పొరపాటు. వానాకాలంలో పాత గింజలు అయిపోయి కొత్త పంట చేతికి రాని రోజుల్లో అది తిండి. ఉడకబెట్టుకుంటారు, వేయించి దంచుకుంటారు, జొన్నపిండిలో కలిపి రొట్టె చేస్తారు. కాయల గింజల నుంచి నూనె తీస్తారు. ఇక సారా సంగతి. పుట్టుక, పెళ్లి, చావు, విత్తనాల పండుగ వంటి సందర్భాల్లో ముందు వేల్పులకు, పెద్దలకు సాక పోసి తర్వాతే మనుషులు తాగుతారు. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు బెల్లాన్ని బంగారంగా మొక్కే జాతర లోకానికి తెలుసు. మా గూడేల్లో సాక పోయని కొలుపు లేదు. ఇప్ప అన్న మాటే ఎంత పాతదో చూడండి. తెలుగులో ఇప్ప, కన్నడంలో ఇప్పె, తమిళంలో ఇలుప్పై, గోండీలో ఇరుప్. అన్నీ ఒకే మాటకు పుట్టిన పిల్లలు.

సర్కార్ల కన్ను ఈ ఇంటి నిల్వ మీద పడింది పందొమ్మిదో శతాబ్దంలో. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడాన్ని కూడా నిషేధించి, ఆ ఆదాయాన్ని గుత్తేదారులకు పాటకిచ్చారు. రంప మన్సబుదారు చిగురుపన్ను వసూలు చేశాడు. 1879లో రంపలో తిరుగుబాటు లేవడానికి ఉన్న కారణాల్లో ఇది ముఖ్యమైనది. అది భద్రాచలం వైపు రేకపల్లి దాకా పాకింది. బొంబాయి ప్రెసిడెన్సీ ఇంకో అడుగు ముందుకేసి, 1892లో ఇప్పపువ్వు మీదే చట్టం తెచ్చింది. సారా కాకపోయినా, పువ్వు దగ్గరుంచుకోవడమే అదుపులోకి వచ్చింది.

నిజాం రాజ్యంలో 1316 ఫసలీలో, అంటే 1906-07లో, ఆబ్కారీ చట్టం వచ్చింది. భూమిశిస్తు తర్వాత ఆబ్కారీయే ఖజానాకు పెద్ద రాబడి. ఇంట్లో కాచుకునే కుండ ఆ రాబడికి పోటీ అయింది. ఇంట్లో కాచుకుంటే నేరం, గుత్తేదారు దుకాణంలో డబ్బు పెట్టి కొంటే సక్రమం. అదే కాలంలో అడవులను సర్కారు తన చేతిలోకి తీసుకోవడంతో అటకకు వేసే టేకు దూలం కూడా సర్కారు సొత్తయింది. ఇలా కోయ ఇంట్లో అటక మీదున్న పువ్వుకూ, ఆ పువ్వును మోసే కర్రకూ రెండింటికీ భయపడే రోజులు వచ్చాయి.

స్వాతంత్ర్యం తర్వాత 1970ల మధ్యలో, గిరిజన ఉపప్రణాళికలు మొదలైన రోజుల్లో, కేంద్రం ఒక మార్గదర్శకం ఇచ్చింది. ఆదివాసీ ప్రాంతాల్లో మద్యం వ్యాపారం ఆపాలని, ఆదివాసీలు తమ వాడకానికి సంప్రదాయ పానీయం చేసుకుంటే అడ్డుకోకూడదని అందులో ఉంది. మా గూడేల్లో జరిగింది దానికి తలకిందులు. వ్యాపారం పెరిగింది, కుండలు పగిలాయి. నల్లబెల్లం, పటికతో కాచే గుడుంబా మైదానం నుంచి వచ్చింది. గుడుంబాకు పూత కాలం లేదు, పండుగ లేదు, సాక లేదు. రోజూ కాయవచ్చు, రోజూ తాగవచ్చు. అది ఎన్ని కుటుంబాలను కూల్చిందో బడిలో పిల్లల హాజరుపట్టీ చూసే మాకు తెలుసు.

అందుకే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరాటాన్ని మేము గౌరవంగా తలచుకుంటాం. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం ఆ పోరాటం ఫలితాలే. 1997లో నిషేధం సడలింది, సీసాల మందు తిరిగొచ్చింది. ఈ రోజు గూడెంలో ఇప్పపువ్వు గంపను దాచుకునే ముసలమ్మ భయపడుతుంది. పక్క వీధిలో బెల్టుషాపు దర్జాగా నడుస్తుంది.

ఈ రెంటికీ సమాధానం చట్టంలోనే ఉంది. 1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే అధికారం గ్రామసభకు ఇవ్వాలంటుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తులను సేకరించి, వాడుకుని, అమ్ముకునే హక్కు మనదేనంటుంది. పువ్వు మీద హక్కు కోరడమూ, బెల్టుషాపు మూయమనడమూ ఒకదానికొకటి ఎదురు కావు. ఒకే గ్రామసభలో ఆ రెండు తీర్మానాలూ రాయవచ్చు. రాయాలి కూడా.

ఇంకో సంగతి ఉంది. స్లాబు ఇళ్లు వచ్చాక అటకలు పోతున్నాయి, గ్యాసు వచ్చాక పొగ పోయింది. ఇది మంచికే, పొగలో వండిన మా అమ్మల కళ్లు మాకు గుర్తే. కాని పువ్వును పొడిగా దాచే తెలివి కూడా దానితో పోనక్కర లేదు. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఆ పనికి ఏడాది పొడుగునా చెడని పువ్వు కావాలి. దాన్ని ఎలా ఉంచాలో మన ఇళ్లలోని అవ్వలకు తెలుసు.

బడిలో ఇప్పపువ్వు పేరెత్తితే మా పిల్లల్లో కొందరు తలదించుకుంటారు, అది తాగుబోతుల మాట అనుకుంటారు. వాళ్ల చేత ఒక పని చేయిస్తున్నాం. ఒక్కొక్కరు ఇంటికెళ్లి, గుమ్మి ఎలా అల్లుతారో, దేని మీద నిలబెడతారో, పువ్వు ఎన్ని రోజులు ఎండాలో పెద్దవాళ్లను అడిగి నోటుపుస్తకంలో రాసుకొస్తున్నారు. మీ గూడేల్లోనూ ఈ పూత కాలంలోనే మొదలుపెట్టండి. గుమ్మి అల్లడం తెలిసిన చేతులు ప్రతి గూడెంలో ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతే ఉన్నాయి.