'రోబో' పుట్టింది వెట్టిలోంచే

చెక్ భాషలో 'రొబోట' అంటే దొర పొలంలో చేసి తీరాల్సిన వెట్టిచాకిరి. 1920లో కారెల్ చాపెక్ తన నాటకంలోని కృత్రిమ కూలీలకు పేరు వెతుకుతుంటే, అన్న యోసెఫ్ 'రోబోట్' అని అందించాడు. (చివరి 'ట్' మన నోట్లో రాలిపోయింది.) ఆ నాటకంలో ఈ కూలీలు ఇనుప బొమ్మలు కారు, అచ్చం మనుషుల్లానే ఉంటారు. చివరికి తిరగబడతారు కూడా.

'రోబోటిక్స్' అనే మాట సైన్స్ ఫిక్షన్ రచయిత అసిమోవ్ 1941 నాటి కథలోది. 1961లో జనరల్ మోటార్స్ కర్మాగారంలో యూనిమేట్ అనే రోబో సలసల కాగే లోహపు పోతలను ఎత్తిపెట్టింది. 1979లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ అండతో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. దాని తొలి డైరెక్టర్ చిత్తూరు జిల్లాలో పుట్టిన రాజ్ రెడ్డి.

ఇంజనీరింగ్ కాలేజీల్లో రోబోటిక్స్ చెప్పే మాస్టార్లు తొలి క్లాసులోనే ఈ వెట్టి కథ చెప్పాలి.