రంజాన్‌లో నిద్ర చాలట్లేదా? నెల్లూరు తీరంలో మీ రోజును ఇలా ప్లాన్ చేసుకోండి

రంజాన్ మాసం అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది ఆకలి, దాహం. కానీ ఏటా రోజా ఉండేవాళ్లను అడిగి చూడండి. నాలుగైదు రోజులకు ఆకలి అలవాటైపోతుంది, అసలు ఇబ్బంది నిద్రతోనే అంటారు. రాత్రి తరావీ నమాజు, తెల్లవారుజామున సహరి, ఆ తర్వాత డ్యూటీ. ఈ మూడింటి మధ్య నిద్ర నాలుగు గంటలకు పడిపోతే పది రోజుల్లోనే తలనొప్పి, చిరాకు, పనిలో పొరపాట్లు మొదలవుతాయి. అందుకే ఈ నెలలో టైమ్ ప్లాన్ నిద్రతో మొదలుపెట్టాలి. నెల్లూరు, కావలి, ముత్తుకూరు, సూళ్లూరుపేట వైపు ఉండేవాళ్లు రోజును ఎలా సర్దుకోవచ్చో చూద్దాం.

మీ ఊరి టైమే చూడండి

ఫోన్‌లో ఫార్వర్డ్ అయ్యే సహరి, ఇఫ్తార్ టైమ్‌టేబుల్ ఏ ఊరిదో ముందు చూసుకోండి. నెల్లూరు హైదరాబాద్‌కు తూర్పున ఉంది. కాబట్టి ఇక్కడ సూర్యుడు సుమారు 6 నిమిషాలు ముందే ఉదయిస్తాడు, ముందే అస్తమిస్తాడు. హైదరాబాద్ టైమ్ చూసి సహరి తింటే, ఇక్కడ గడువు దాటాక కూడా తింటున్నట్టే. విజయవాడ టైమ్‌తో ఇంకో ఇబ్బంది. అక్కడ సూర్యాస్తమయం ఇక్కడికన్నా రెండు మూడు నిమిషాలు ముందు. ఆ టైమ్‌కు ఇఫ్తార్ చేస్తే ఉపవాసం ముందే విడిచినట్టవుతుంది. మీ మసీదులో ఇచ్చే టైమ్‌టేబుల్‌నే నమ్ముకోవడం మేలు.

రాత్రి ఎన్ని గంటలు మిగులుతుంది?

మార్చి మధ్యలో నెల్లూరులో సహరి ముగింపు సుమారు ఉదయం 5:05, ఇఫ్తార్ సుమారు సాయంత్రం 6:20. అంటే రోజా 13 గంటల పైచిలుకు. మిగిలేది 10 గంటల 45 నిమిషాలు. తిండి, నీళ్లు, నమాజు, నిద్ర అన్నీ అందులోనే. ఆ టైమ్‌లకు తగ్గట్టు ఇలా సర్దుకోవచ్చు.

• రాత్రి 10:15: పడక. ఫోన్ చేతికి అందనంత దూరంలో పెట్టండి
• ఉదయం 4:15: లేవడం, సహరి, ఫజర్ నమాజు
• 5:45 నుంచి 7:00: రెండో నిద్ర
• మధ్యాహ్నం జుహర్ తర్వాత: అరగంట కునుకు
• సాయంత్రం 6:20: ఖర్జూరం, నీళ్లతో ఇఫ్తార్, మగ్రిబ్ నమాజు
• రాత్రి 8:00 నుంచి 9:30: ఇషా, తరావీ

లెక్క వేస్తే నిద్ర మొత్తం ఏడున్నర గంటలు దాటుతుంది. ఒకేసారి దొరకదు, మూడు ముక్కలుగా దొరుకుతుంది. తరావీ అయ్యాక బజారులో ఒక గంట కూర్చుంటే మాత్రం ఈ లెక్క మొత్తం తారుమారే.

చెరువు పని, షిఫ్ట్ డ్యూటీ ఉంటే?

తీర మండలాల్లో రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్లకు ఇది ఇంకా కష్టం. చెరువు నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారకముందే. సరిగ్గా అదే సహరి టైమ్. సాయంత్రం మేత వేసే వేళకు ఇఫ్తార్ దగ్గర పడుతుంది. కాబట్టి నెల మొదట్లోనే యజమానితో, తోటి పనివాళ్లతో మాట్లాడుకోండి. ఇఫ్తార్‌కు అరగంట మరొకరు చెరువు చూసుకుంటే, బదులుగా వాళ్ల పని ఒకటి పొద్దున్నే మీరు చేసిపెట్టొచ్చు. బస్తాలు మోయడం లాంటి బరువు పనులు ఉదయం 10 లోపే ముగించండి. తీరంలో గాలిలో తేమ ఎక్కువ, చెమట తొందరగా ఆరదు. మధ్యాహ్నం ఎండలో కళ్లు తిరిగితే పని ఆపి నీడకు వెళ్లాల్సిందే.

పోర్టులో, ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు పగటి నిద్రను ఒకే విడతగా, కనీసం ఐదు గంటలు ఉండేలా చూసుకోవాలి.

ప్రభుత్వ ఉద్యోగులకు రంజాన్‌లో గంట ముందుగా ఆఫీసు నుంచి వెళ్లే వెసులుబాటు ఇస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులు ఇస్తుంటుంది. 2025లోనూ ఇచ్చింది. ఆ గంటను ట్రాఫిక్‌లో పోగొట్టుకోకుండా ఇంటికి చేరి కాసేపు నడుం వాల్చండి.

పరీక్షలు రాసే పిల్లలు

2025లో పదో తరగతి పరీక్షలు మార్చి 17న మొదలై ఏప్రిల్ 1న ముగిశాయి. దాదాపు అన్నీ రంజాన్‌లోనే. పరీక్ష టైమ్ ఉదయం 9:30 నుంచి 12:45. పరీక్షలున్న రోజుల్లో పిల్లలు రాత్రి మేలుకొని చదవడం కన్నా, సహరి తర్వాత మెదడు చురుగ్గా ఉండే గంటన్నర రివిజన్‌కు వాడుకోవడం మంచిది. పరీక్ష రాసి వచ్చాక ఒక గంట పడుకోనివ్వండి.

ఇంట్లో ఆడవాళ్ల నిద్ర సంగతేంటి?

పై టైమ్‌టేబుల్‌లో 4:15 అని రాశాం. కానీ చాలా ఇళ్లలో అమ్మ లేచేది మూడింటికే. అందరికీ వడ్డించి, చివరి ఐదు నిమిషాల్లో తను రెండు ముద్దలు తింటుంది. సాయంత్రం మళ్లీ ఇఫ్తార్ వంట. ఇంట్లో అందరికన్నా తక్కువ నిద్రపోయేది ఆమే.

• సహరి కూర, పప్పు రాత్రే వండి పెట్టుకోండి. పొద్దున వేడి చేస్తే చాలు
• ఉల్లి, అల్లం వెల్లుల్లి, మసాలా వారానికి ఒకసారి సిద్ధం చేసుకోండి
• గిన్నెలు కడగడం, నీళ్లు పట్టడం మగవాళ్లు, పిల్లలు పంచుకోవాలి
• వేపుళ్లు రోజూ వద్దు. గంజి, పండ్లు ఉన్న రోజున వంట టైమ్ సగం తగ్గుతుంది

షుగర్ ఉన్నవాళ్లు జాగ్రత్త

మందుల టైమ్ మీరే మార్చుకోవద్దు. రంజాన్‌కు ముందే డాక్టర్‌ను కలిసి డోసు, వేళలు రాయించుకోండి. షుగర్ 70 కన్నా తగ్గినా, 300 దాటినా వెంటనే ఉపవాసం విడవాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. రోగులకు, ప్రయాణంలో ఉన్నవాళ్లకు ఖురాన్‌లోనే మినహాయింపు ఉంది. ఆ రోజాలను తర్వాత పూర్తి చేయొచ్చు.

చివరి పది రోజులు

షబే ఖదర్ కోసం రాత్రంతా మేలుకునేది ఈ పది రోజుల్లోనే. అప్పటికే ఒళ్లు అలసిపోయి ఉంటుంది. అందుకే పండగ బట్టలు, సరుకుల షాపింగ్ మొదటి పదిహేను రోజుల్లోనే ముగించండి. చివరి వారంలో బజారు రద్దీలో గంటలు పోవు, ఆ టైమ్ ఇబాదత్‌కు మిగులుతుంది. ఫిత్రా ఈద్ నమాజుకు ముందే ఇవ్వాలి కాబట్టి ఆ డబ్బు కూడా ముందే పక్కన పెట్టుకోండి. అవసరమైనవాళ్లకు కాస్త ముందే అందితే వాళ్ల ఇంట్లోనూ పండగ ఏర్పాట్లకు టైమ్ దొరుకుతుంది.