కొండపాదాన ముప్పై అయిదు ఎకరాలు

2024 నవంబరు 18, సోమవారం. తిరుమల అన్నమయ్య భవనంలో టీటీడీ కొత్త పాలకమండలి తొలిసారి కూర్చుంది. ఛైర్మన్ బి.ఆర్.నాయుడు ముందు అజెండా చాంతాడంత ఉంది. సర్వదర్శనం క్యూలో భక్తులు పడుతున్న అవస్థ, కొండ మీద పేరుకుపోయిన చెత్త, శ్రీనివాస సేతు ఫ్లైఓవరుకు మళ్లీ గరుడ వారధి అని పేరు పెట్టడం. వీటి మధ్య ఒక భూమి సంగతి కూడా వచ్చింది. అలిపిరి దగ్గర దేవలోక్ ప్రాజెక్టు భూమిలో ముంతాజ్ హోటల్‌కు కేటాయించిన 20 ఎకరాలను టీటీడీకి అప్పగించమని ప్రభుత్వాన్ని కోరాలని సభ్యులు తీర్మానించారు. మర్నాడు పేపర్లలో పెద్ద అక్షరాలు వేరే తీర్మానాలకు దక్కాయి. కానీ ఆ తర్వాత ఏడాది పాటు తిరుపతిని కుదిపింది ఈ ఇరవై ఎకరాలే.

ఆ నేల ఎక్కడుందో తెలిస్తే గానీ ఈ కథ అర్థం కాదు. అలిపిరి నుంచి చెర్లోపల్లి వైపు ఒక రోడ్డు పోతుంది. జూపార్కు ఈ దారిలోనే. ఒకపక్క పేరూరు పొలాలూ కొత్త లేఅవుట్లూ. రెండోపక్క తలెత్తితే శేషాచలం. అడవికీ ఊరికీ నడుమ ఉన్న సన్నటి పట్టీ అది. నడకదారి భక్తులు పాదాల మండపంలో కర్పూరం వెలిగించి 3,550 మెట్ల దారి పట్టేది ఇక్కడికి కూతవేటు దూరంలోనే.

ఈ పట్టీ పర్యాటక శాఖ చేతిలో ఉండేది. రాష్ట్ర విభజన తర్వాత తెలుగుదేశం హయాంలో దేవలోక్ పేరుతో ఆధ్యాత్మిక పర్యాటక ప్రాజెక్టు అన్నారు. అది కాగితం దాటలేదు. తర్వాత వచ్చిన వైఎస్సార్సీపీ ప్రభుత్వం అందులో ఇరవై ఎకరాలను ఒబెరాయ్ సంస్థకు చెందిన ముంతాజ్ హోటల్స్‌కు విలాసవంతమైన హోటల్ కట్టడానికి ఇచ్చింది. ఒక ప్రభుత్వం భూమిని పర్యాటకానికి అని గుర్తించింది, ఇంకొకటి హోటల్‌కు రాసిచ్చింది. రెండు సార్లూ అలిపిరి మెట్ల దగ్గర కర్పూరం అమ్ముకునేవాళ్లనూ, పేరూరు రైతునూ అడిగినవాళ్లు లేరు.

పనులు మొదలయ్యాకే ఊరికి తెలిసింది. అలిపిరి టీ బంకుల దగ్గర ఆ రోజుల్లో మాటలు ఇలా సాగేవి.

"ఏందన్నా, ఆడ అంత పెద్ద పని జరుగుతా ఉండాది?"

"పెద్ద హోటలంట. గదిలో ఒక్క రాత్రి పండుకుంటే మన నెల జీతం పోతాదంట."

"కొండకు ఆనుకోనా? ఎవురు ఒప్పుకున్నారన్నా?"

"మనల్ని అడిగితే గదబ్బా ఒప్పుకునేదీ లేందీ."

ఆ చివరి మాటలోనే కథంతా ఉంది.

భూమి వినియోగాన్ని తేల్చడానికి మన దగ్గర పద్ధతి లేక కాదు. తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, అందరూ తుడా అనేది, 1981లోనే ఏర్పడింది. మాస్టర్ ప్లాన్‌లో నివాసానికి ఒక రంగు, వాణిజ్యానికి ఒకటి, వ్యవసాయానికి ఒకటి. ఒక సర్వే నంబరు రంగు మార్చాలంటే ముసాయిదా ప్రకటన వేయాలి, అభ్యంతరాలకు గడువివ్వాలి, వచ్చినవాటిని విచారించాలి. చదవడానికి బాగుంటుంది. ఆ ప్రకటన పేపరులో ఏ మూలనో చిన్న అక్షరాల్లో వస్తుంది, సర్వే నంబర్లూ హద్దులూ తప్ప అందులో మనిషికి అర్థమయ్యే ముక్క ఉండదు. గడువు గడిచాక ఎవరూ అడ్డు చెప్పలేదని ఫైలు ముందుకు పోతుంది. ఇక ప్రభుత్వమే తన భూమిని ఒక సంస్థకు కేటాయించినప్పుడు నిర్ణయం పైనుంచి దిగుతుంది. కింద ప్లాన్ దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. తలకిందుల వ్యవహారం ఇది.

2025 ఫిబ్రవరి. టీటీడీ తీర్మానం చేసి మూడు నెలలైనా కేటాయింపు రద్దు కాలేదు. అప్పుడు సాధువులు రోడ్డెక్కారు. ఆంధ్రప్రదేశ్ సాధు పరిషత్ అధ్యక్షుడు శ్రీనివాసానంద సరస్వతి ముందుండి నడిపారు. కాషాయ వస్త్రాలు, దండాలు, గోవింద నామాలు, నిరాహార దీక్షలు. చుట్టూ పోలీసులు. కొండ కింద ఈ హోటల్ వద్దన్నది ఒక్కటే వాళ్ల డిమాండు.

ఈ చోట నా మనసులో మాట చెప్పాలి. ఆందోళన వేడెక్కేకొద్దీ గొడవంతా హోటల్ పేరు చుట్టూ తిరిగింది. ముంతాజ్ హోటల్స్ ఎప్పటినుంచో ఉన్న కంపెనీ. ఆగ్రాలో తాజ్‌మహల్ చేరువలోని ఒబెరాయ్ అమర్‌విలాస్ దానిదే. ఇక్కడ ఆ కంపెనీ పేరునే శత్రువును చేశారు. అది తప్పని నా అభిప్రాయం. శ్రీనివాసుడి పేరే పెట్టుకున్నా ఆ చోట ఆ హోటల్ రాకూడదు. పేరుకూ మతానికీ సంబంధం లేని కారణాలు కళ్లముందే ఉన్నాయి.

2021 నవంబరును తిరుపతి ఎలా మరిచిపోతుంది? 18వ తేదీ వాన విడవకుండా కురిసింది. కపిలతీర్థం జలపాతం విరుచుకుపడింది. ఘాట్ రోడ్లమీద కొండచరియలు విరిగాయి, శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయింది, ఊళ్లో వీధులు వాగులయ్యాయి. శేషాచలం మీద పడిన నీళ్లు దిగేది ఈ కొండపాదం గుండానే. వాగు పోయే దారుల్నీ కుంటల్నీ ఇళ్లూ కాంప్లెక్సులూ మింగేశాక నీళ్లకు మన వీధులే మిగిలాయి. ఉన్న ఖాళీ నేలలోనూ అంతస్తులు లేపి, కాంక్రీటు పరిస్తే వచ్చే వానకు నీళ్లు ఎటు పోవాలి?

అడవి సంగతి ఇంకా బాధాకరం. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. తల్లిదండ్రులతో గోవిందా అంటూ మెట్లెక్కుతున్న పసిబిడ్డ. ఆ తర్వాత బోనులు పెట్టారు, భక్తుల చేతికి కర్రలిచ్చారు, మధ్యాహ్నం తర్వాత పిల్లల్ని ఆ దారిలో పంపడం ఆపారు. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం 1989లో వెలిసింది, శేషాచలాన్ని 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. అడవికి హద్దు గీసినవాళ్లు దాని పక్కన ఏం ఉండొచ్చో, ఏం ఉండకూడదో గట్టిగా గీయలేదు. రాత్రంతా వెలిగే దీపాలు, వచ్చిపోయే వాహనాలు, వంటశాలల వ్యర్థాలు, వాటికోసం చేరే కుక్కలు, కుక్కల కోసం దిగే చిరుతలు. ఇది అడవి అంచున బతికే ఎవరినడిగినా చెబుతారు.

2025 మార్చి 21, శుక్రవారం. మనవడు దేవాంశ్ పుట్టినరోజని ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు కుటుంబంతో తిరుమల వచ్చారు. స్వామి దర్శనం చేసుకుని బయటికొచ్చి ముంతాజ్ హోటల్‌కు ఇచ్చిన అనుమతి రద్దు చేస్తున్నామన్నారు. ఏడుకొండలను ఆనుకుని ఉన్న 35.32 ఎకరాల్లో కేటాయింపులు తీసేస్తున్నామని, కొండల చెంత వాణిజ్య కార్యకలాపాలకు చోటుండదని ప్రకటించారు. కిందికి కబురు చేరేసరికి సాధువులు గోవింద నామాలు అందుకున్నారు. ఊరు ఊపిరి పీల్చుకుంది.

కథ అక్కడితో అయిపోతే ఈ వ్యాసం రాసేవాణ్ని కాను.

కొండవైపు నేలను టీటీడీ తీసుకుని, బదులుగా తన భూమిని పర్యాటక శాఖకు ఇచ్చే మార్పిడి అదే ఏడాది తెరమీదికొచ్చింది. కొండపాదాన్ని కాపాడుకోవడానికే ఇదంతా అని టీటీడీ అంది. దేవుడి విలువైన భూమిని హోటల్ కోసం వదులుకుంటున్నారని ప్రతిపక్షం మండిపడింది. ఎవరి లెక్క వారిది. నేను అడిగేది వేరే. మార్పిడిలో ఇచ్చే భూమి మీద ఏం కట్టొచ్చు, ఎంత ఎత్తు కట్టొచ్చు, వాగు దారి ఎంత వదలాలి అన్నవి ఊరి ముందు పెట్టి మాట్లాడారా? అప్పుడూ ఇప్పుడూ నిర్ణయం గదిలోనే జరిగింది. ఊరికి తెలిసింది తర్వాతే.

పుణ్యక్షేత్రం పక్కన ఏది ఎంత ఎత్తు లేవాలో ముందే తేల్చుకున్న ఊళ్లు లోకంలో ఉన్నాయి. జపాన్‌లోని క్యోటో 2007లో నగరం నడిబొడ్డున భవనాల ఎత్తు పరిమితిని 45 మీటర్ల నుంచి 31కి దించింది. వ్యాపారులు గగ్గోలు పెట్టారు, అయినా ఊరు తట్టుకుంది. మక్కాలో దీనికి విరుద్ధం జరిగింది. 2002లో పాత అజ్యాద్ కోటను కూల్చి, కాబాకు ఎదురుగా ఆకాశాన్నంటే హోటల్ బురుజులు లేపారు. అలిపిరి ఈ రెండు దారుల్లో దేన్ని పడుతుందో ముఖ్యమంత్రుల ప్రకటనలు తేల్చలేవు. ఒకరు ఇచ్చింది ఇంకొకరు తీసేయగలిగితే, రేపు మరొకరు మళ్లీ ఇవ్వగలరు.

కొండపాదానికి మాస్టర్ ప్లాన్‌లోనే ఒక ప్రత్యేక మండలం కావాలి. హద్దు సర్వే నంబర్లతో, ఎత్తు మీటర్లలో, వాగుల దారులు మ్యాపులో గీసి, చట్టబద్ధంగా. మార్చాలంటే అలిపిరిలోనే బహిరంగ విచారణ పెట్టాలి, తెలుగులో, మామూలు మనిషికి అర్థమయ్యే మాటల్లో. అంతవరకు తిరుపతి వాసులకు నాదొక విన్నపం. తుడా ముసాయిదా ప్రకటన పేపర్లో కనిపిస్తే పక్కన పడేయకండి. సర్వే నంబరు చూడండి, అది ఎక్కడుందో కనుక్కోండి, గడువులోగా మీ అభ్యంతరం రాసి ఇచ్చి రసీదు తీసుకోండి.