‘ఫొటో కడగడం’: డార్క్‌రూమ్ ముద్రణలో పాఠాంతర సమస్య

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల పెద్దలు కొందరు మొబైల్‌లోని బొమ్మను కాగితంపైకి ఎక్కించడాన్ని కూడా ‘ఫొటో కడిగించడం’ అనే అంటారు. డెవలపర్‌లో ముంచి, హైపోలో స్థిరపరచి, చివరకు నీటిలో కడిగే పని దాదాపు అంతరించినా క్రియాపదం మిగిలింది. కొడాక్ సంస్థ నలుపు-తెలుపు ఫొటో కాగితం తయారీని 2005లో నిలిపివేసింది. ఊటీలో హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ తయారుచేసిన ‘ఇందు’ సరుకూ నేడు దొరకదు. భాషాచరిత్రకు ఇదొక చిన్న ఉదాహరణ. చరిత్రరచనకు మాత్రం ఆ చీకటిగదిలో జరిగిన నిర్ణయాలు చిన్నవి కావు.

నెగెటివ్‌ను మూలప్రతిగా, ప్రింటును దాని నకలుగా భావించడం మనకు అలవాటు. ఈ పోలిక సగమే సరిపోతుంది. ఎన్‌లార్జర్ కింద కాగితంపై కాంతి పడే కొద్ది సెకన్లలో ముద్రకుడు అరచేతినో, తీగకు అంటించిన అట్టముక్కనో అడ్డుపెట్టి ఒకచోట కాంతిని తగ్గిస్తాడు, మరొకచోట పెంచుతాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో తలపాగా నీడ పడిన రైతు ముఖం ఆ చేతి అడ్డు లేకపోతే నల్లని మచ్చగా మిగలవచ్చు. కనుక ముద్రకుడు లేఖకుని కంటే పరిష్కర్తకు దగ్గరివాడు.

తెలంగాణ సాయుధ పోరాటానికి నల్లగొండ జిల్లా ప్రధాన క్షేత్రం. ఆ పోరాటాన్ని చిత్రించిన సునీల్ జానా 1943 బెంగాల్ కరవు చిత్రాలతో ప్రసిద్ధులు. కమ్యూనిస్టు పార్టీ పత్రికలైన ‘పీపుల్స్ వార్’, ‘పీపుల్స్ ఏజ్’లకు పనిచేశారు. పత్రికాముద్రణలో ఫొటో హాఫ్‌టోన్ బ్లాకుగా, అంటే చుక్కల జల్లెడగా మారేది. ఆ జల్లెడలో పోయిన ఛాయ ఎంత మేలైన స్కానరుతోనూ తిరిగి రాదు. అయినా అంతర్జాలంలో తిరిగే పోరాటచిత్రాలలో ఏది ప్రింటునుండి వచ్చింది, ఏది బ్లాకునుండి వచ్చింది అన్న వివరం సాధారణంగా కనిపించదు. తాళపత్రంలోని పద్యాన్ని ఉదాహరించేటప్పుడు ఇటువంటి నిర్లక్ష్యాన్ని మనం ఒప్పుకోము.

కుటుంబచిత్రాల స్థితి మరింత దయనీయం. గోడపై దండ వేసిన ఫొటో తరచు గ్రూపు ఫొటోలోని ఒక ముఖాన్ని వేరుచేసి పెద్దది చేసినదే. కనుబొమ్మలు పెన్సిలుతో దిద్దినవి. డిజిటల్ ప్రతి తీసేవారు మొదట దాని పసుపును తొలగిస్తారు. కాని హైపో పూర్తిగా పోని బ్రోమైడ్ కాగితం పసుపుబారుతుంది. అది పోవడానికి గంట దాకా పారే నీరు కావాలి. మెట్టప్రాంతపు నీటి ఎద్దడికీ ఈ పసుపుకూ సంబంధం ఉండవచ్చునని నా ప్రతిపాదన. దానిని పరీక్షించాలంటే స్టూడియో ముద్ర ఉండే ప్రింటు వెనుకవైపును కూడా స్కాన్ చేయాలి. రంగు సవరించని ప్రతిని విడిగా భద్రపరచాలి.